డీజిల్ ఖాతా అడిగిన రోజు

ఆడిటర్ వస్తున్న సంగతి మా ఆఫీసులో అందరికంటే ముందు నా కడుపుకు తెలుస్తుంది. అన్నం సహించదు, నిద్ర పట్టదు, ఇంట్లో వాళ్ల మీద ఊరికే అరుస్తాను. తప్పు చేసినోళ్లకే భయం ఉంటుందని మా సారు అంటుంటాడు. ఆయనదేం పోయింది, ఏనాడైనా కంప్యూటర్ ముందు కూర్చుని ఒక్క ఎంట్రీ వేశాడా? మా సాఫ్ట్‌వేర్‌లో ప్రతి ఎంట్రీ పక్కన వేసినవాళ్ల పేరు పడుతుంది. ఎప్పుడు వేశారు, మళ్లీ ఎప్పుడు ముట్టుకున్నారు, అన్నీ అది గుర్తు పెట్టుకుంటుంది. ఏడాది పొడుగునా వేల వరుసలు, ప్రతి వరుస చివరా నా పేరే. ఏ పాపం చేయకపోయినా తన పేరు అన్నిసార్లు అచ్చులో చూసుకుంటే ఎవరికైనా వణుకు పుడుతుంది. నేను మొదటి నుంచీ పిరికిదాన్ని, నా సంగతి చెప్పనే అక్కర్లేదు.

మా ఆఫీసు గోదావరిఖనిలో ఒక టైర్ల దుకాణం మీద ఉంటుంది. రెండు గదులు, ఒక కూలర్, వేసవిలో ఆ కూలర్‌లో నీళ్లు పోయడమే ఒక ఉద్యోగం. మా సారుకు టిప్పర్లున్నాయి. ఓపెన్‌కాస్టు గని నుంచి బొగ్గును రైల్వే సైడింగుకు, అంటే వ్యాగన్లకెత్తే చోటికి, తోలే కాంట్రాక్టు. దుకాణం వెనక యార్డు, యార్డులో డీజిల్ ట్యాంకు. బండికి ఎంత డీజిల్ పోశారో స్లిప్పు రాసి పైకి పంపిస్తారు, నేను దాన్ని ఆ బండి ఖర్చు కింద ఎక్కిస్తాను. బండి బొగ్గు తోలితే గని దగ్గర కాంటా మీద తూకం వేసి కంప్యూటర్ స్లిప్పు ఇస్తారు, దాన్ని ఆదాయం కింద ఎక్కిస్తాను. నా బతుకంతా ఈ రెండు రకాల స్లిప్పుల మధ్యే నడుస్తుంది.

ఇదివరకు మాకు పెద్దపల్లి నుంచి ఒక ముసలి ఆడిటర్ గారు వచ్చేవారు. వచ్చి, బ్యాలెన్స్ షీటు చూసి, బిర్యానీ తిని, మా సారుతో రాజకీయాలు మాట్లాడి, సంతకం పెట్టి పోయేవారు. ఆయన వచ్చినప్పుడు కూడా నేను భయపడేదాన్నే, కానీ అది అలవాటైన భయం. ఈసారి సారు కొత్త టిప్పర్ల కోసం బ్యాంకులో పెద్ద లోను అడిగాడు. బ్యాంకువాళ్లు పెద్ద ఆఫీసు ఆడిటర్ కావాలన్నారు. హైదరాబాద్ నుంచి ఒక మేడం వచ్చింది. నాకంటే వయసులో చిన్నది. బిర్యానీ వద్దంది. చాయ్ కూడా చక్కెర లేకుండా తాగింది. అప్పుడే నాకు కీడు తోచింది.

"జనరల్ లెడ్జర్ మొత్తం ఎక్సెల్‌లో ఇవ్వండి" అంది.

"ఏ ఖాతా మేడం?"

"అన్నీ. ఏడాది మొత్తం. ఏ ఎంట్రీ ఎవరు వేశారో ఆ కాలమ్ కూడా ఉండాలి."

ఇన్నేళ్లలో మొత్తం లెడ్జర్ నన్ను అడిగినవాళ్లు లేరు. అడిగిన ఖాతా తీసి ఇవ్వడం వేరు, ఇల్లంతా తలుపులు తీసి చూసుకోండి అనడం వేరు. ఎక్స్‌పోర్ట్ నొక్కాను. మా కంప్యూటర్ ముసలిది, చాలాసేపు ఆలోచించింది. తెర మీద గీత నెమ్మదిగా నిండుతోంది. ఏదైనా ఎంట్రీ రెండుసార్లు వేశానా, ఎక్కడైనా సున్నా ఎక్కువ పడిందా, ఏ నెలలోనో తలనొప్పితో కూర్చుని ఏం చేశానో, అన్నీ అప్పుడే గుర్తుకు రావాలని చూశాయి. ఒక్కటీ పూర్తిగా గుర్తుకు రాలేదు.

మేడం ఫైలు తీసుకుని తన ల్యాప్‌టాప్‌లో వేసుకుంది. మధ్య మధ్యలో "ఊఁ" అనేది. ఆ ఊఁ ఏ వరుస దగ్గర అన్నదో తెలుసుకుందామని నేను నీళ్లు తాగే నెపంతో ఆమె వెనక నుంచి తిరిగాను. ఆమె ల్యాప్‌టాప్ కొంచెం పక్కకు తిప్పుకుంది. నా మొహం మాడిపోయింది.

మర్నాడు పొద్దున్నే సారును పిలిచి కూర్చోబెట్టింది. నన్ను కూడా ఉండమంది.

"డీజిల్ ఖాతాను బండ్ల వారీగా విడగొట్టి, కాంటా ట్రిప్పుల పక్కన పెట్టి చూశాను. బండి ఆ రోజు ఒక్క ట్రిప్పు కూడా వేయలేదు, కానీ డీజిల్ పోసినట్టు ఎంట్రీ ఉంది. ఒకటి రెండు కాదు, ప్రతి నెలా ఉన్నాయి" అంటూ తెర మా వైపు తిప్పింది.

తేడా వచ్చిన వరుసలకు ఎర్ర రంగు వేసింది. తెర కిందికి జరుపుతున్నకొద్దీ ఎరుపే. ఆ ఎర్ర వరుసల చివరన నా పేరు. సారు కుర్చీలోంచి లేచాడు. ఈ దందాలో ఉన్నవాళ్లకు డీజిల్ దొంగతనం అనే మాట వినిపిస్తే చాలు, ఇంకేమీ వినిపించదు.

"గీ స్లిప్పులు రాసిందెవరు?" అన్నాడు నన్ను చూసి.

చెప్పక తప్పలేదు. యార్డులో డీజిల్ పోసేవాళ్లు ఇద్దరు, పగలు ఒకరు, రాత్రి ఒకరు. ఎర్ర వరుసలన్నీ రాత్రి డ్యూటీ మనిషి రాసిన స్లిప్పులే.

ఆయన్ని నేను కాక అని పిలుస్తాను. సొంత చిన్నాన్న కాదు, మా నాన్న పనిచేసిన గనిలోనే పనిచేసి రిటైరైన మనిషి. సెంటినరీ కాలనీలో గని కంపెనీ క్వార్టర్ ఉండేది, రిటైరయ్యాక ఖాళీ చేసి ఊళ్లో చిన్న ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. వచ్చే పింఛను మందులకే సరిపోదు, ఇంటి కిరాయి ఈ యార్డు జీతం మీదే నడుస్తుంది. నాకు ఈ ఉద్యోగం ఉందని చెప్పి, సారు దగ్గరికి తీసుకొచ్చి నిలబెట్టింది కూడా ఆయనే. ఎండాకాలం వస్తే ఎక్కడినుంచో తునికి పండ్లు తెచ్చి నా బల్ల మీద పెట్టేవాడు.

సారు ఫోన్ చేసి పిలిపించాడు. రాత్రి డ్యూటీ దిగి అప్పుడే పడుకున్నట్టున్నాడు, ఎర్రటి కళ్లతో మెట్లెక్కి వచ్చాడు. ఎవరూ కూర్చోమనలేదు. మేడం ఒక ఎర్ర వరుస చూపించి నెమ్మదిగానే అడిగింది.

"ఈ తారీఖున ఈ బండి తిరగలేదు కదా. డీజిల్ ఎందుకు పోశారు?"

"తిరిగింది మేడం."

"కాంటా రికార్డులో లేదు."

"తిరిగింది. నేనే పోసిన గద."

"అదే నేనూ అడుగుతున్నాను. తిరగని బండికి ఎందుకు పోశారు?"

కాక అయోమయంగా నా వైపు చూశాడు. మళ్లీ అదే మాట అన్నాడు. "తిరిగింది మేడం, నా కండ్ల ముందట తిరిగింది."

సారు బల్ల మీద కొట్టాడు. "సాయంత్రం దాక టైమిస్తున్న. లెక్క తేలిందా సరే, లేకుంటె టేషన్ల కంప్లైంట్ ఇస్త. నా డీజిల్ తాగి నాకే ఎదురు మాట్లాడుతవా?"

కాక గొంతు పెంచలేదు. కింద యార్డులో కూర్చుంటానని చెప్పి మెట్లు దిగిపోయాడు.

ఇక నా పరిస్థితి చూడాలి. సారు పోలీస్ స్టేషన్ దాకా పోకపోయినా, పనిలోంచి తీసేస్తే చాలు. డీజిల్ దొంగ అని ఒకసారి పేరు పడితే ఈ గోదావరిఖనిలో ఏ కాంట్రాక్టరూ తన గేటు దాటనివ్వడు. ఆ వయసులో ఆయన ఇంకెక్కడికి పోతాడు? నాకు ఆయన గురించి భయం. దాని వెనకే నా గురించి భయం, ఆయన రాసిందల్లా కళ్లు మూసుకుని ఎక్కించింది నేనే కాబట్టి. ఈ రెండింటి వెనక ఇంకో భయం ఉంది, అది అన్నిటికంటే చెడ్డది. నిజంగానే తీశాడేమో! దసరాకు కొత్త స్కూటీ కొన్నాడు. పైసలు ఎక్కడివి కాకా అని అప్పుడు నవ్వుతూ అడిగాను, చిట్టి లేపిన అన్నాడు. ఆ చిట్‌ఫండ్ సంగతి నిజమేనా అని ఇప్పుడు నా బుర్ర అడుగుతోంది. ఛీ అనుకున్నాను. అనుకుంటూనే ఆ స్కూటీ కొన్న నెలలో ఎర్ర వరుసలు ఎక్కువున్నాయేమో అని చూశాను. ఎక్కువేం లేవు. అన్ని నెలల్లోనూ ఒకేలా ఉన్నాయి, అది మరీ భయంగా అనిపించింది. దొంగ అయితే ఒక నెల ఎక్కువ, ఒక నెల తక్కువ తీస్తాడు కదా. ఇంత పద్ధతిగా ఎవరు తీస్తారు?

స్లిప్పుల కట్టలు ముందేసుకుని ఒక్కొక్కటీ కాంటా స్లిప్పుతో కలిపి చూస్తూ కూర్చున్నాను. సోమవారం డీజిల్, సోమవారం ట్రిప్పులు లేవు. మంగళవారం డీజిల్, మంగళవారం ట్రిప్పులున్నాయి. ఆదివారం బండి ఆగింది, డీజిల్ లేదు, ట్రిప్పులు మాత్రం ఉన్నాయి. డీజిల్ లేకుండా ఏ బండి నడిచింది? ఎంత చూసినా అక్షరాలు అలుక్కుపోయాయి తప్ప తలలో ఏమీ వెలగలేదు. భయపడ్డప్పుడు నాకు లెక్కలు రావు, ఇది నా జబ్బు.

మధ్యాహ్నం మా ఆయన ఫోన్ చేశాడు. ఆయన గనిలో పనిచేస్తాడు, ఆ వారం నైట్ షిఫ్టు. పడుకుని లేచి, బీరువా తాళాలు ఎక్కడున్నాయని అడిగాడు. నా గొంతు విని ఏమైందన్నాడు. ఏం లేదన్నాను. నన్ను మాటల్లో పెడదామనుకున్నాడో ఏమో, తన డ్యూటీ కబుర్లు మొదలుపెట్టాడు.

"నిన్న డ్యూటీల బొగ్గు బెల్టు తెగింది. నాలుగు గంటల కాన్నుంచి ఖాళీగ కూసున్నం."

"నిన్న సాయంత్రం నాలుగింటికి నువ్వు ఇంట్లోనే ఉన్నవు గదా" అన్నాను విసుగ్గా.

"సాయంత్రం కాదే, తెల్లారగట్ల."

"అంటే ఇయ్యాల పొద్దుగాల."

"నిన్నటి డ్యూటీ అంటున్న గదా! ఇయ్యాల్టి డ్యూటీకి నేనింక పోనే పోలే" అన్నాడు.

తాళాలు ఎక్కడున్నాయో చెప్పకుండానే పెట్టేశాను.

నేను గని మనిషి కూతుర్ని, గని మనిషి పెళ్లాన్ని. మా ఇళ్లల్లో రోజు అర్ధరాత్రి మారదు. పొద్దున ఏడింటికి మొదటి షిఫ్టు సైరన్ మోగితేనే మారుతుంది. సోమవారం రాత్రి డ్యూటీ ఎక్కినవాడు మంగళవారం తెల్లారి దిగినా అది సోమవారం డ్యూటీయే, హాజరు పడేది సోమవారానికే. మా నాన్న అట్లాగే చెప్పేవాడు, మా ఆయన అట్లాగే చెప్తాడు. జీవితమంతా గనిలో గడిపిన కాక కూడా అట్లాగే రాశాడు. నైట్ షిఫ్టు పదకొండింటికి మొదలైనా, డ్రైవర్లు చేరి, బండి డీజిల్ పోయించుకుని, గనికి పోయి లోడెత్తేసరికి అర్ధరాత్రి దాటిపోతుంది. కాక స్లిప్పు మీద సోమవారం వేస్తాడు. కాంటా కంప్యూటర్‌కు షిఫ్టుల సంగతేం తెలుసు, అది గడియారం చూసి మంగళవారం వేస్తుంది. నేను రెండు స్లిప్పుల మీద ఉన్న తారీఖులు ఉన్నట్టే ఎక్కించాను.

పరుగున పోయి మేడంకు చెప్పాను. ఆమె చివరిదాకా వింది.

"మీరు చెప్పేది వినడానికి బాగానే ఉంది. కానీ నేను విన్నదాన్ని రాసుకోలేను. రిపోర్టులో చూపించండి" అంది.

అప్పుడు అసలు భయం పట్టుకుంది. నోరు జారాక వెనక్కి తీసుకోలేం కదా. నా మాట ప్రకారం రిపోర్టు తీస్తే, ఎర్ర వరుసలు పోవాలి. పోకపోతే? ఏవో కొన్ని పోయి, కొన్ని మిగిలితే? అప్పుడు వెనకేసుకురాబోయి కాకను నా చేతులతో నేనే పట్టిచ్చినట్టు అవుతుంది. షిఫ్టు లెక్క నిజమే కావచ్చు, దాని చాటున దొంగతనం కూడా ఉండొచ్చు కదా. ఆ లెక్క తీయకుండా ఉంటే అనుమానమే మిగిలేది. తీస్తే రుజువు మిగులుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో షిఫ్టు వారీగా లెడ్జర్ తీసే దారి లేదు. కాంటా స్లిప్పుల మీద టైము ఉంటుంది, కానీ నేను దాన్ని ఎంట్రీ కింద వివరంలో రాసి వదిలేసేదాన్ని. లెడ్జర్‌ను మళ్లీ ఆ వివరంతో సహా బయటికి తీశాను. టైమును వేరే కాలమ్‌లోకి విడగొట్టాను. పొద్దున ఏడుకు ముందు పడ్డ ప్రతి ట్రిప్పునూ ముందు రోజుకు జరిపేలా ఫార్ములా రాశాను. రాస్తుంటే బ్రాకెట్లు తప్పు పడ్డాయి, చెరిపి మళ్లీ రాశాను. సారు నా వెనక నిలబడి ఊపిరి పీలుస్తున్న చప్పుడు వినపడుతోంది. కాకను కూడా పైకి పిలవమని మేడం చెప్పింది. ఆయన వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. తెర మీద ఏం జరుగుతుందో ఆయనకు అర్థం కాదు, నా మొహాన్నే చూస్తున్నాడు. నా మొహంలో ఏం కనపడిందో గానీ ఆయన తలుపు చెక్క పట్టుకున్నాడు.

ఎంటర్ నొక్కాను.

ఒక నెల ఎరుపు మొత్తం పోయింది. ఇంకో నెల పోయింది. కిందికి జరుపుతుంటే తెల్లగా, శుభ్రంగా వరుసలు. నాకు ఏడుపొచ్చేలా ఉంది. అంతలో వానాకాలం దగ్గర ఒక ఎర్రటి గుంపు వచ్చి ఆగింది. అన్ని బండ్లకూ డీజిల్ ఉంది, ట్రిప్పులు లేవు. ముందు రోజూ లేవు, తర్వాత రోజూ లేవు. మేడం పెన్ను తీసింది. నేను కాక వైపు చూడలేకపోయాను, చూస్తే దొరికిపోయారు కాకా అని నా కళ్లే చెప్పేసేవి.

సారే ముందుకు వంగి ఆ తారీఖులు చూశాడు.

"గా వారం ముసురు వట్టింది" అన్నాడు, అనడం ఇష్టం లేనట్టుగా. "గనిల నీళ్లు నిండి పని బందైంది. రాత్రికన్న షురువు జేస్తరని బండ్లు పోయి, లైన్ల నిలవడి, ఖాళీగ వాపస్ వచ్చినయి. నేనే పంపిన."

మేడం ఆ వారం పని ఆపిన కాగితం ఏదైనా ఉందా అంది. గని నుంచి వచ్చిన ఈమెయిల్ సారు ఫోన్లోనే ఉంది. ఆమె చదివింది, ఫోటో తీసుకుంది, ఆ గుంపు మీద ఎరుపు తీసేసింది. ఇంకేమీ మిగల్లేదు. ఇకమీదట తారీఖు గడియారం ప్రకారమే వేయాలనీ, టైము కూడా రాయాలనీ ఒక పేరా రాసుకుని ల్యాప్‌టాప్ మూసింది. పోతూ పోతూ నాతో "మంచి పని చేశారండీ" అంది.

సారు కాకను చూసి "సరే తియ్, పొయ్యి పండుకో. రాత్రి డ్యూటీకి రా" అన్నాడు. అంతే. తప్పయిందని అనలేదు, కాక అనమని అడగలేదు. మెట్ల దాకా నేను వెంట వెళ్లి, రాత్రి పన్నెండు దాటితే మరునాటి తారీఖు వేయాలె కాకా అని చెప్పాను. సరే బిడ్డా అన్నాడు. గండం గడిచింది అనుకుని ఇంటికి పోయి, పొద్దంతా తినని అన్నం కూడా కలిపి తిన్నాను.

మర్నాడు పొద్దున నేను ఆఫీసు తాళం తీసేసరికి కాక మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. డ్యూటీ దిగి ఎప్పుడో ఇంటికి పోవాల్సిన మనిషి. చేతిలో రాత్రి స్లిప్పులున్నాయి. బండి నంబరు, లీటర్లు, డ్రైవరు సంతకం, అన్నీ ఉన్నాయి. తారీఖు ఒక్కటి ఏ స్లిప్పు మీదా లేదు.

"నువ్వే ఏస్కో బిడ్డా" అన్నాడు. "ఎంత సేపు కూసున్నా నాకు చెయ్యి ఆడుతలేదు."

నేను వేయకూడదు కాకా, మీ రాతే ఉండాలె అన్నాను. లోపలికి తీసుకొచ్చి, నా బల్ల ఎదురుగా కూర్చోబెట్టి, పెన్ను ఇచ్చాను. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. గని కప్పు కూలిన రోజు పక్కవాణ్ని భుజాన వేసుకుని బయటికి తెచ్చిన మనిషని మా నాన్న చెప్పేవాడు ఆయన గురించి. అట్లాంటి మనిషి మొదటి స్లిప్పు ముందు పెట్టుకుని, రాయకుండా, తల ఎత్తి నన్ను చూశాడు.

"గిది పన్నెండుకు ముందుదా, తర్వాతదా?"

"మీరే కదా కాకా పోసింది."

"పోసిన. ఎరుకే. అయినా నువ్వు చెప్పు."

చెప్పాను. రాశాడు. రెండోది తీసుకుని మళ్లీ నా మొహం చూశాడు. ప్రతి స్లిప్పుకూ అట్లాగే చూశాడు. చివరిది రాసి, కట్ట నా వైపు జరిపి, చేతిని మాత్రం దాని మీదే ఉంచాడు.

"గిట్ల రాస్తె నన్నేమనరు గద బిడ్డా?" అన్నాడు.

ఏమనరు కాకా అన్నాను. చెయ్యి తీయడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.